జీతం అనే మాట: ఆనేకల్ తాలూకాలో పని మానుకునే హక్కు చరిత్ర

జీతం అనే మాట బెంగుళూరు చుట్టుపక్కల రెండర్థాలతో తిరుగుతూ ఉంటుంది. గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో ఇక్కడికి చదువుకు వచ్చిన విద్యార్థికి జీతమంటే నెలాఖరున చేతికందే డబ్బు. ఆనేకల్, హోసూరు పల్లెల్లో పుట్టి పెరిగిన విద్యార్థికి ఆ అర్థంతోపాటు మరొకటి కూడా తెలుసు. “మా తాత జీతానికున్నాడు” అంటే ఆ ఇళ్లలో ఎవరూ ఆయన నెలకెంత తెచ్చేవాడని అడగరు. ఎవరింట్లో, ఎంత అప్పు కింద అని అడుగుతారు.

బ్రౌను 1852 నాటి నిఘంటువులో జీతానికి కూలి, వేతనం అనే అర్థాలే కనిపిస్తాయి. జీవితం అనే సంస్కృత పదమే అరిగి జీతమైందని నిఘంటుకారులు చెబుతారు. బతుకుతెరువు అన్న అర్థంలోనే ఈ మాట తెలుగులోకీ కన్నడంలోకీ వచ్చింది. అయితే కన్నడంలో ‘జీత’ అనే మాట కాలక్రమాన అప్పు కింద చేసే కట్టుబడి చాకిరికి పేరైపోయింది. ‘జీతదాళు’ అంటే అలా కట్టుబడిన మనిషి. తెలుగులోనూ జీతగాడనే మాటకు ఈ నీడ ఉంది గాని, పట్టణాల తెలుగులో అది చెరిగిపోయింది. ఒకే మాట ఒకచోట ఉద్యోగానికీ మరొకచోట బానిసత్వానికీ ఎలా పేరైందో చూడాలంటే, ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో ముందుగా నిర్ణయించుకోవాలి. పని బరువు, కూలి మొత్తం, యజమాని నోటి దురుసు ఇవేవీ ఆ తేడాను పూర్తిగా చెప్పలేవు. పని నచ్చనప్పుడు ఇంకోచోట పని వెతుక్కుని పాతది మానుకోగలడా లేదా అన్నదే అసలు తేడా అని మేము భావిస్తున్నాము. ఇది మా సొంత కల్పన కాదని, భారతదేశపు చట్టమే ఇలా అంటున్నదని ముందు ముందు చూస్తాము.

ఆనేకల్ బెంగుళూరుకు దక్షిణాన సుమారు 36 కిలోమీటర్ల దూరాన, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న తాలూకా. ఆనెకల్లు అంటే కన్నడంలో వడగల్లు, ఊరి పేరు దాని నుంచే వచ్చిందంటారు. 17వ శతాబ్దం తొలినాళ్లలో సుగటూరు గౌడులు దీన్ని పట్టుకుని కోట కట్టారు, 18వ శతాబ్దంలో హైదరాలీ వారిని తొలగించాడు. పాతకాలం మొరసునాడులో ఇది భాగం. రాగి, ఉలవ, చెరువు కింద కొద్దిపాటి వరి, నేతపని ఇక్కడి పాత బతుకుతెరువులు. హోసూరు మాదిరే ఇక్కడ కన్నడం, తెలుగు, తమిళం ఒకే వీథిలో వినిపిస్తాయి. మన విషయానికి సంబంధించి గమనించవలసింది ఒకటుంది. ఇక్కడ భూమి ఉన్న ఇళ్లలోనూ తెలుగు మాట్లాడేవారున్నారు, ఆ ఇళ్లలో జీతానికి కుదిరిన మాదిగ కుటుంబాలలోనూ తెలుగు మాట్లాడేవారున్నారు. కనుక జీతం అనే మాట ఇక్కడ పరాయి భాషవాడు నెత్తిన పెట్టింది కాదు. అప్పు ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ చాలాచోట్ల ఒకే భాషలో బేరమాడుకున్నారు. సరిహద్దు ప్రాంతాల తెలుగువారి గురించి రాసేటప్పుడు మనం భాషను కోల్పోయిన బాధనే ఎక్కువగా చెప్పుకుంటాం. ఆ భాష లోపల ఎవరు ఎవరికి ఏమి బాకీపడ్డారన్నది చెప్పుకోవడం తక్కువ.

జీతం నడిచే తీరు దక్షిణ కర్ణాటకలోనూ తెలుగు జిల్లాల్లోనూ కొద్ది తేడాలతో ఒకటే. పెళ్లికో, చావుకో, జబ్బుకో, ఒక్కోసారి తిండిగింజలకో భూస్వామి దగ్గర కొంత డబ్బు తీసుకుంటారు. ఆ అప్పు ఉన్నన్నాళ్లు ఇంట్లో ఒక మనిషి ఆయన కొట్టంలో, పొలంలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఉండాలి. తిండి పెడతారు, ఏడాదికి ఒకటి రెండు జతల బట్టలు, కొన్నిచోట్ల చెప్పులు, కంబళి ఇస్తారు. ఏడాది చాకిరికి ఇంత అని ఒక మొత్తం కడతారు. అది బాకీలోంచి తగ్గాలి. కాని జబ్బుపడి పనికి రాని రోజుకు ఇంత అని కోత ఉంటుంది, లేదా బదులు మనిషిని పంపాలి. మధ్యలో మళ్లీ ఏదో అవసరం వచ్చి మరికొంత తీసుకుంటారు. తెలుగునాట పలుచోట్ల ఈ లెక్క ఉగాది నుంచి ఉగాదికి చూసేవారు. లెక్క ఉండేది యజమాని పుస్తకంలో. జీతగాడికి చదువు రాదు. తండ్రి ముసలివాడైతే కొడుకు ఆ చోటుకు వస్తాడు. పదేళ్ల పిల్లవాడు పశువులు కాయడానికి వచ్చి, మీసం వచ్చేసరికి మడక పట్టేవాడు.

ఈ ఏర్పాటులో పని మానుకోవడం ఎలా అన్నది మనకు ముఖ్యం. యజమాని కొడతాడు, తిండి సరిగా పెట్టడు, లెక్క తప్పుగా రాస్తాడు అనుకుందాం. జీతగాడు ఏంచేయాలి? పారిపోవచ్చు. అప్పుడు ఇంటివారి మీద పడతారు, ఊళ్లో పంచాయతి పెడతారు, జామీను ఉన్నవాడి పరువు తీస్తారు. ఇక మిగిలిన దారి ఒకటే: పాత యజమానికి ఉన్న బాకీ మొత్తం కట్టడానికి సిద్ధపడే కొత్త యజమానిని ముందుగా వెతుక్కోవడం. రాత్రిపూట పక్క ఊరికి వెళ్లి, ఫలానా దొరకు మనిషి కావాలట అని విని, కాళ్లావేళ్లా పడి ఒప్పించి, ఆయన డబ్బు తెచ్చి ఈయనకు కట్టిస్తే జీతగాడు ఈ కొట్టం నుంచి ఆ కొట్టానికి మారతాడు. అప్పు అంతే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అప్పిచ్చినవాడు మాత్రం మారతాడు.

పని మారడమంటే బాకీ చేతులు మారడమే అయిన ఈ పద్ధతిని పూర్తిగా నిరుపయోగమని కొట్టిపారేయలేము. కొట్టే యజమాని నుంచి కొట్టని యజమానికి వెళ్లడం ఆ మనిషికి చిన్న విషయం కాదు. మనిషి పోతాడనే భయం కొందరు యజమానుల చేతిని కొంతైనా ఆపి ఉంటుంది. కాని ఊళ్లో భూమి ఉన్నవాళ్లు నలుగురే అయి, ఆ నలుగురూ చుట్టాలో, ఒకరి మనిషిని మరొకరు తీసుకోరాదని ఒప్పుకున్నవాళ్లో అయితే ఆ దారీ మూసుకుపోతుంది.

ప్రభుత్వం ఎవరి పక్షాన ఉండేది? 1843 నాటి అయిదవ చట్టంతో ఈస్టిండియా కంపెనీ కోర్టులు బానిసత్వాన్ని హక్కుగా గుర్తించడం మానేశాయి. ఆ తరువాత పాత బానిసే అప్పులవాడి రూపంలో మళ్లీ కనిపించాడని చరిత్రకారులు కొందరు వాదిస్తారు. వారి వాదానికి బలమిచ్చేది 1859 నాటి పదమూడవ చట్టం. అడ్వాన్సు పుచ్చుకున్న పనివాడు పని విడిచి వెళ్తే, యజమాని మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. మేజిస్ట్రేటు డబ్బు తిరిగి కట్టమనో, పని పూర్తి చేయమనో ఆజ్ఞాపిస్తాడు. వినకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల వృత్తిపనివారి కోసమని తెచ్చిన ఈ చట్టం తరువాత తోటల యజమానులకు గొప్ప ఆయుధమైంది. మామూలు అప్పు ఎగ్గొట్టినవాడి మీద సివిలు దావా, పనివాడు పని మానేస్తే క్రిమినలు కేసు. 1925లో దీన్ని రద్దు చేశారు. అంటే సుమారు 65 ఏళ్లపాటు ఈ దేశంలో అడ్వాన్సు తీసుకున్నవాడు వేరే పని వెతుక్కుంటూ వెళ్లడం నేరంగా ఉన్నదన్నమాట.

తెలుగు ప్రాంతాలలో కొన్ని ప్రత్యేక ప్రయత్నాలు జరిగాయి. నిజాం రాజ్యంలో ఇలాంటి కట్టుబడిని భగేలా అనేవారు. దాన్ని అదుపుచేయడానికి 1936లో భగేలా ఒప్పందాల నిబంధన వచ్చింది. మద్రాసు రాజధానిలోని ఏజెన్సీ ప్రాంతానికి 1940లో ఋణదాస్యాన్ని రద్దుచేసే నిబంధన వచ్చింది. కాగితం మీద రెండూ మంచివే. తెలంగాణలో భగేలా ఆ తరువాత కూడా సాగిందన్న సంగతి అక్కడి రైతాంగ పోరాటం గురించి చదివినవారికి తెలుసు.

సాహిత్య విద్యార్థులకు ఇక్కడొక మాట. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922)లో సంగదాసు పాలేరు. శివరామ కారంతగారి కన్నడ నవల ‘చోమన దుడి’ (1933)లో చోముడి కొడుకులు బాకీ తీర్చడానికి కాఫీ తోటకు పనికి వెళతారు. బాకీ తీర్చడానికి ఇలా పనికి వెళ్లడం ఆ నవలలో కథకు ఆయువుపట్టు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన పరిశోధన మన శాఖలలో రావలసినంత రాలేదు. ‘చోమన దుడి’ని బి.వి. కారంత్ సినిమాగా తీసింది 1975లో. ఆ సంవత్సరానికి అదే ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. కాకతాళీయమే కావచ్చు గాని, వెట్టిచాకిరి రద్దు ఆర్డినెన్సు వచ్చింది కూడా ఆ ఏడే, అక్టోబరు 24న.

ఆర్డినెన్సు స్థానంలో 1976లో చట్టం వచ్చింది. అత్యవసర పరిస్థితి కాలపు శాసనాల్లో మంచిదని చెప్పదగిన కొద్దిపాటి వాటిలో ఇదొకటి. ఇందులో భాషా విద్యార్థులు చూడవలసిన పేజీ ఒకటున్నది. వెట్టి వ్యవస్థ దేశంలో ఏయే పేర్లతో నడుస్తున్నదో చెబుతూ రెండవ సెక్షను దాదాపు 30 పేర్లు ఇచ్చింది. ఆ జాబితాలో భగేలా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది, జీత కూడా ఉంది. తెలుగువాడు అనువాదం అక్కరలేకుండా గుర్తుపట్టే మాటలు నాలుగు. పార్లమెంటు చట్టంలోకి మన పల్లె మాటలు ఇన్ని ఒక్కచోట ఎక్కడం అరుదు, ఎక్కిన సందర్భం మాత్రం గర్వించదగ్గది కాదు.

అదే సెక్షను వెట్టిని నిర్వచించింది. అప్పు లేదా అడ్వాన్సు, లేదా కులాచారం, వంశపారంపర్య బాధ్యత వంటివాటి కింద ఒక మనిషి కూలి లేకుండా లేదా నామమాత్రపు కూలికి పని చేయవలసి వస్తే అది వెట్టి. అంతటితో ఆగలేదు. అతడు వేరే ఉద్యోగమో, వేరే బతుకుతెరువో చూసుకునే స్వేచ్ఛ కోల్పోతే అదీ వెట్టే. దేశంలో స్వేచ్ఛగా తిరిగే హక్కు కోల్పోయినా, తన శ్రమఫలాన్ని బజారు ధరకు అమ్ముకునే హక్కు కోల్పోయినా వెట్టే. మొదట మేము చెప్పింది ఈ రెండవ అంశం గురించే. యజమాని మంచివాడే కావచ్చు, కడుపునిండా పెడుతూ ఉండవచ్చు. ఆ బాకీ చూపించి వేరే పని చూసుకోనివ్వకపోతే చాలు.

చట్టం బాకీలను రద్దు చేసింది. రద్దయిన బాకీని వసూలు చేసినవాడికి మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి బాకీ కాదని నిరూపించే భారం అప్పిచ్చినవాడి మీదనే పెట్టింది. విడుదలైనవాణ్ణి అతడున్న గుడిసెలోంచి వెళ్లగొట్టకూడదంది. ఇవన్నీ చక్కని ఏర్పాట్లు. అయితే మరునాటి ఉదయం అతడు ఎక్కడికి పనికి వెళ్లాలి? ఊళ్లో పని ఇవ్వగలవాడు ఆ పాత యజమానే, లేదా ఆయన తమ్ముడు. కర్ణాటకలో దేవరాజ అరసు ప్రభుత్వం 1974లో సవరించిన భూసంస్కరణల చట్టం కౌలుదార్లకు భూమినిచ్చింది. జీతగాడు కౌలుదారు కాడు. తరతరాలు దున్నినా అతడి పేర గేణి కాగితం లేదు గనుక ఆ లబ్ధి అతణ్ణి తాకలేదు. అరసు పాలన మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాము.

గాంధీ శాంతి ప్రతిష్ఠానం, జాతీయ కార్మిక సంస్థ కలిసి 1978 ప్రాంతంలో చేసిన సర్వే పది రాష్ట్రాలలో 26 లక్షల 17 వేలమంది వెట్టి కార్మికులున్నారని అంచనా వేసింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 3 లక్షల 25 వేలు, కర్ణాటక వాటా 1 లక్షా 93 వేలు. ప్రభుత్వాలు గుర్తించిన సంఖ్య దానికి ఎంతో తక్కువ. కర్ణాటక కాలక్రమాన 60 వేలకు పైచిలుకు మందిని గుర్తించింది. ఆంధ్రలో ఆ లెక్క 40 వేలకు చేరలేదు. గుర్తించడం ఎందుకింత కష్టమైందంటే, గుర్తించవలసిన గుమాస్తా ఆ ఊరి పెద్దల అరుగు మీదే కూర్చుని విచారణ చేసేవాడు. ఇక్కడెవరూ లేరండీ, అందరూ ఇష్టపడే ఉన్నారు అనే జవాబు సిద్ధంగా ఉండేది. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో సుప్రీంకోర్టు ఈ పేచీని కొంత తెంచింది. బలవంతపు చాకిరి కనిపిస్తే దాని వెనుక అడ్వాన్సో మరేదో లాభమో ఉన్నదని ముందే భావించాలి, కాదనేవాడే నిరూపించుకోవాలి అన్నది. మరుసటి ఏడు నీరజా చౌదరి కేసులో, విడిపించి వదిలేస్తే చాలదు, పునరావాసం కల్పించకపోతే వాళ్లు మళ్లీ ఆ చాకిరిలోకే పోతారని హెచ్చరించింది.

ఆనేకల్ పేరు ఈ చరిత్రలో ప్రత్యేకంగా వినబడేది 1990ల నుంచి. కిరణ్ కమల్ ప్రసాద్ ఈ తాలూకాలో ఉండి జీతగాళ్ల మధ్య చేసిన పని నుంచి ‘జీవిక’ అనే సంస్థ రూపొందింది. ‘జీత విముక్తి కర్ణాటక’ అనే మాటలను కుదించి పెట్టిన పేరది. జీతం, జీవిక, జీవితం మూడూ ఒక వేరు నుంచి వచ్చినవే కనుక ఆ పేరు పెట్టినవారి భాషాజ్ఞానాన్ని మెచ్చుకోవాలి. మహానగరానికి గంటన్నర దూరంలో, కొత్తగా ఫ్యాక్టరీలు లేస్తున్న తాలూకాలో జీతగాళ్లున్నారని ఒప్పుకోవడానికి అధికారులు అంత సులభంగా సిద్ధపడలేదు. ఊరూరూ తిరిగి పేర్లు రాసుకోవడం, జీతగాళ్ల చేత తాలూకా ఆఫీసుకు అర్జీలు పెట్టించడం, అసిస్టెంటు కమిషనరు విచారణకు వచ్చినప్పుడు యజమాని ఎదుట నోరు విప్పేలా ధైర్యం చెప్పడం ఇటువంటి ఉద్యమాల నిత్యకృత్యం. చివరికి చేతికి వచ్చేది విడుదల పత్రం. ఆ ఒక్క కాగితంతో బాకీ చట్టరీత్యా లేనిదవుతుంది.

ఆ కాగితం వెంట వచ్చే డబ్బు లెక్క కూడా చూడాలి. 1978లో కేంద్ర పథకం మొదలైనప్పుడు మనిషికి 4,000 రూపాయలు. 1986లో 6,250, 1995లో 10,000, 2000లో 20,000 అయింది. 2016 పథకంలో వయోజనుడైన పురుషుడికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు అన్నారు. కాని పూర్తి మొత్తాన్ని యజమాని మీద కేసు తేలడంతో ముడిపెట్టారు. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది. కొత్త బతుకు మొదలుపెట్టే మనిషికి డబ్బు కావలసింది మొదటి నెలలో. ఈ మెలిక పెట్టినవారు ఎన్నడైనా చేతిలో రూపాయి లేకుండా ఉద్యోగం మానుకున్నారా అని మాకు సందేహం.

మరి ఆనేకల్‌లో జీతం విడిచినవారికి పని ఎక్కడ దొరికింది? బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామికవాడలు, రాతిగనులు, గులాబీ తోటలు, బెంగుళూరు కట్టడాల పని. రోజుకూలి, వారం కూలి. ఇవేవీ స్వర్గాలు కావు. రాతిగనుల్లో, ఇటుకబట్టీల్లో మళ్లీ అడ్వాన్సే. యజమాని బదులు మేస్త్రీ, రాగుల బదులు రూపాయలు. అయినా ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డ మనిషికి ఒకటి దొరికింది. ఈ గేటు నచ్చకపోతే అర మైలు దూరంలో ఇంకో గేటు ఉంది. పాత బాకీ ఎంత అని ఆ గేటు దగ్గర ఎవరూ అడగరు. పల్లెలో నలుగురు యజమానులు కలిసి మూసేసిన తలుపు పారిశ్రామికవాడలో అంత సులభంగా మూతపడలేదు. జీతం తగ్గుముఖం పట్టడానికి చట్టం ఎంత కారణమో ఈ రెండో గేటూ అంత కారణమని మా అభిప్రాయం.

విద్యార్థులు ఈపాటికి బాండు సంగతి అడుగుతారు. చదువు ముగించి కంపెనీలో చేరేటప్పుడు ఇన్నేళ్లు మానకూడదు, మానితే ఇంత కట్టాలి అని సంతకం పెట్టించుకుంటారు గదా, అది జీతం కాదా అని. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను వృత్తిని అడ్డుకునే ఒప్పందం చెల్లదంటుంది. కాని 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానితే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. అంతకుముందు కర్ణాటక హైకోర్టు ఆ ఉద్యోగి పక్షాన తీర్పిచ్చింది. బాండును జీతంతో సమానం చేయడం జీతగాళ్ల బాధను పలుచన చేయడమే. ఆ ఉద్యోగి డబ్బు కట్టి, మరో బ్యాంకులో చేరి, అక్కడ జీతం తీసుకుంటూ కోర్టులో పోరాడాడు. జీతగాడికి ముందు వెళ్లి తరువాత పోరాడే వీలు లేదు. అయితే ఆ డబ్బు కట్టలేని కుర్రవాడికి, ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ బీరువాలో ఉన్నవాడికి, ఆ తేడా చాలా సన్నబడిపోతుంది.

2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో హోసూరు రోడ్డు మీదకు దుస్తుల ఫ్యాక్టరీల కార్మికులు వేల సంఖ్యలో వచ్చారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. కేంద్రం ఫిబ్రవరి 10న తెచ్చిన కొత్త నిబంధన ప్రకారం ప్రావిడెంటు ఫండులో యజమాని వాటాను 58 ఏళ్లు నిండేదాకా తీసుకోరాదు. బయటివారికి ఇది చిన్న సాంకేతిక మార్పుగా తోచింది. ఆ స్త్రీలకు అది ఒక పని మానుకుని మరో పని దొరికేదాకా ఇంటి అద్దె, పిల్లల ఫీజు కట్టుకునే డబ్బు. సూపర్‌వైజరు నోటికి భయపడకుండా మానేస్తాననగల ధైర్యం ఆ డబ్బులో ఉంది. రోడ్లు స్తంభించాయి, బస్సులు తగలబడ్డాయి, లాఠీలు లేచాయి. రెండవ రోజునే కేంద్ర కార్మిక మంత్రి, సికింద్రాబాదు సభ్యుడు బండారు దత్తాత్రేయ ఆ నిబంధనను ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. 2018లో పని పోయిన నెలకే నిల్వలో 75 శాతం తీసుకునే వీలు కల్పించారు. 2025 అక్టోబరులో ఫండు ట్రస్టీల మండలి మొత్తం నిల్వను తీసుకోవడానికి ఆగవలసిన గడువును 2 నెలల నుంచి 12 నెలలకు పెంచాలని నిర్ణయించింది.

ఆనేకల్, హోసూరు, మాలూరు వైపు నుంచి వచ్చే విద్యార్థులను చివరగా ఒకటి కోరుతున్నాము. సెలవులకు వెళ్లినప్పుడు ఇంట్లో పెద్దవారిని అడిగి, జీతానికి సంబంధించిన తెలుగు మాటలు రాసుకురండి. జీతానికి కుదరడానికి, బాకీ మార్చుకోవడానికి, నాగా పడిన రోజుకు, బదులు మనిషికి, మరీ ముఖ్యంగా జీతం విడిచి వచ్చిన రోజుకు వారు ఏ మాట వాడేవారో ఊరి పేరుతో సహా రాయండి. మనిషి పేరు రాయనక్కరలేదు. బ్రౌను నిఘంటువులో లేని మాటలు ఆ ఇళ్లలో ఇంకా ఉన్నాయి.